పరదేశి గారి చిరునామా రాసే చెయ్యి

1972 జూలై 3వ తేదీన అనకాపల్లిలోని మన కళాశాల కార్యాలయంలో టైపిస్టుగా చేరి, కార్యదీక్షకూ సౌమ్యభాషణకూ సమానంగా పేరు తెచ్చుకున్న శ్రీమతి కృపావతి గారు, ఈ 2008 జూన్ నెలాఖరున పూర్వ విద్యార్థుల సంఘంలో చిరునామాల బాధ్యత నుంచి విరమిస్తున్నారు. తిరుగుటపాలో ఒక్క కవరు వచ్చినా, ఆ మనిషి ఇప్పుడెక్కడున్నాడో తేలేదాకా వారికి నిద్రపట్టేది కాదు. పిన్‌కోడ్ లేని చిరునామా వారి కంటబడిందా, ఇక ఆ రోజు మాకెవరికీ టీ రుచించేది కాదు!

2004లో చిరునామాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్న వేళ, చీడికాడ నుంచి తిరిగొచ్చిన ఒక కవరు మీద 'చనిపోయారు' అని పోస్ట్‌మాన్ రాశాడు. కృపావతి గారు అలాగే నమోదు చేశారు. తీరా చూస్తే పోయింది అదే ఊళ్లో అదే పేరుగల మరొకరు. మన పూర్వ విద్యార్థి, చెరకు రైతు పరదేశి గారు స్వయంగా వచ్చి, తాను నిక్షేపంగా ఉన్నానని నవ్వుతూ చెప్పగా, కృపావతి గారు నొచ్చుకుని వెంటనే దిద్దారు. మరుసటి నెల సంఘం పత్రిక పంపే కవరు మీద ఆయన పేరు ముందు మళ్లీ 'కీర్తిశేషులు' అని అచ్చయింది. మళ్లీ దిద్దారు. మళ్లీ అచ్చయింది.

ఈసారి వచ్చినప్పుడు పరదేశి గారు నవ్వలేదు.

"ఇంట్లో నాకు కంచం ఎట్టడం మరిసిపోతన్నారమ్మా. సెయ్యెత్తినా షేర్ ఆటో ఆగట్లేదు."

ఏం చెయ్యాలో తోచక, కృపావతి గారు ఒక కార్డు తీసి ఆయన చిరునామా తమ చేత్తో రాసి టపాలో వేశారు. అది అందిన పూటే భార్య బుల్లమ్మ గారు అన్నం వడ్డించి, ఇన్నాళ్లూ ఏమైపోయావని ఆయన్ని అడిగారట. నాటి నుంచి వారం వారం ఆ కార్డు వెళ్తూనే ఉంది. సహోద్యోగి త్రినాథ్ ఒకసారి తాను రాసి పంపితే, అది తిరుగుటపాలో వచ్చేసింది.

2006లో చికున్‌గున్యా వచ్చి కృపావతి గారి వేళ్లు బిగుసుకుపోయాయి. కార్డు ఆగింది. ఒక మధ్యాహ్నం పరదేశి గారు వారింటి గుమ్మంలో నిలబడ్డారు. లోపలికి రమ్మని వారు పిలుస్తుండగా, కూతురు దీనా వంటింట్లోంచి వచ్చి చూసింది.

"ఎవలితో మాటాడతన్నావమ్మా? గుమ్మంలో ఎవలూ లేరు గదా."

కృపావతి గారు ఎడమచేత్తో కుడిచేతిని బిగించి పట్టుకుని, నొప్పికి కళ్లనీళ్లు కారుతున్నా, చిరునామా చివరి అక్షరం దాకా రాసి కార్డు ఆయన చేతికే అందించారు. అప్పుడు దీనా ఉలిక్కిపడి, ఎప్పుడొచ్చారండీ అంటూ ఆయనకు కుర్చీ వేసింది.

విరమణ తరువాత ఈ పని ఎవరికి అప్పగిస్తారని సంఘం అడిగితే, ఎవరికీ అప్పగించనని, ఇంటి దగ్గరే రాసుకుంటానని వారు చెప్పారు. ఈ సంచికకు పరదేశి గారి శుభాకాంక్షలు కోరాం. ఆయన ఒకే మాట అన్నారు.

"ఆయమ్మ సల్లగుండాలి బాబూ. నాకన్నా ముందెల్లకూడదు."

శ్రీమతి కృపావతి గారు సంపూర్ణ ఆరోగ్యంతో, వేళ్ల పట్టు సడలకుండా, చిరకాలం వర్ధిల్లాలి. ఇలాంటి వ్యాసాల చివర అందరూ రాసే మాటే ఇది. ఈసారి మాత్రం చేతులు జోడించి రాస్తున్నాం.