కాలిన గేరు

ఫిన్లాండ్‌లోని టాంపెరె నగర శివార్లలో గేర్ల ఫ్యాక్టరీ. పై అంతస్తు తనిఖీ గదిలో హిల్కా ఒక్కతే పనిచేస్తుంది. కింద గేర్లకు సాన పట్టే తౌనో, ఆమె తిప్పి పంపిన గేరును పట్టుకుని మళ్లీ మెట్లెక్కి వచ్చాడు.

“దీన్ని కూడా తిప్పి పంపావేం హిల్కా? నా మీదేనా నీ కోపమంతా?”

“నేనేం చేశాను? మాగ్నెట్ ఆనిస్తే మీటరు చెప్పింది.”

“ఏమని?”

“సాన వేడికి గేరు పన్ను మెత్తబడిందని. మీటరు స్పీకర్‌లో మంచి ఉక్కు గుసగుసలాడుతుంది, కాలింది గోల పెడుతుంది. నీకు తెలియనిదా?”

“ఏదీ, ఆ గోల నాకూ వినిపించు.”

“ఇప్పుడా? కాఫీ చల్లారిపోతుంది. ముందు ఈ ఏలకుల బన్ను తిను.”

“రెండు తెచ్చావే! నేనొస్తానని తెలుసా?”

“పోట్లాటకి రాకుండా ఉంటావా?”

“కింద పోట్లాడేవాళ్లే లేరు. చెవులకి మూతలు పెట్టుకుని ఎవడి మిషన్ వాడిది.”

“ఇక్కడ మూతలు కూడా అక్కర్లేదు. సోమవారం పొద్దున నాకు గొంతే పెగలదు. శుక్రవారం నీతో మాట్లాడాక మళ్లీ ఎవరితో మాట్లాడానని?... అలా చూడకు. తిను.”

“హిల్కా, మధ్యాహ్నం పై అధికారులు వస్తున్నారు. నువ్వు కాలిందన్న గేరుని యాసిడ్‌లో ముంచి చూస్తారట. నల్ల మచ్చ పడితే కాలినట్టే, సరే.”

“పడకపోతే?”

“మంచివాటిని వృథా చేస్తోందని నిన్ను పనిలోంచి పంపించేస్తారు.”

“దేన్ని... దేన్ని ముంచుతారు?”

“దీన్నే. మిగతావి తుక్కులోకి పోయాయిగా. పెట్టు మాగ్నెట్.”

“వద్దు తౌనో.”

“పెట్టమన్నానా!”

“సరేలే, పెడుతున్నా... అమ్మో! ఏంటీ గోల? ఇది నిజంగానే కాలింది!”

“నిజంగానే అంటే? మిగతావి?”

“మిగతావి... అది కాదు, నేను...”

“తెలుసులే. మొదటిదాన్ని నేనే యాసిడ్‌లో ముంచి చూశాను. ఒక్క మచ్చ లేదు.”

“తెలిసీ రోజూ పోట్లాటకి వచ్చావా?”

“నువ్వు రెండేసి బన్నులు తేలేదూ?”

“ఉండు, ఉండు. నిన్న ఇది బాగానే ఉంది. నేను విన్నాను. నీ చేతిలో ఏనాడూ ఒక్క గేరు కాలలేదు. ఇదెలా కాలింది?”

“పొద్దున చల్లబరిచే నూనె కట్టేసి మళ్లీ సాన పట్టాను. నువ్వు వెళ్లిపోతే ఈ మెట్లు నేనెవరి కోసం ఎక్కాలి?”