ఆపి ఉంచిన పోస్టు

కదలకు! కదిలావంటే మోకాలు ఎగరగొట్టేస్తా, ఒట్టు. జింకల్ని కొట్టే తుపాకీ ఇది, నీకు తెలియందేం కాదు.

కూర్చో, ఆ కుర్చీలో. గాజుముక్కలుంటే ఉండనీ. పగలగొట్టింది నువ్వేగా? హాకీ కర్ర పట్టుకుని ఆడదాని వంటింటి కిటికీ మీద పడతావట్రా, రూడీ? చూడు, కనుబొమ్మ చీరుకుపోయి నెత్తురు నోట్లోకి కారుతోంది. చిన్నప్పుడు నిన్ను స్కూలు బస్సులో రోజూ దింపినందుకు బాగానే చేశావు.

ఏంటీ? నీ నోరు నొక్కేశానా? నేనా?

ఫోన్లో ఊరి గ్రూపు నడపడమంటే ఏమనుకున్నావు? పాత మంచం అమ్ముతాననేవాడొకడు, కుక్క తప్పిపోయిందనేవాడొకడు, మధ్యలో ఒకడి పెళ్ళాన్ని ఇంకొకడు తిట్టడం. ప్రతి పోస్టూ ముందు నా దగ్గరికే వస్తుంది. అందరికీ కనిపించేలా వదలాలి, లేదా ఆపాలి. అందులో అక్షరం మార్చే వీలు నాకు లేదు.

నీ కొడుకు ఈనో ఆ మత్తుమాత్రలు మింగి పోయాడు. వాణ్ణీ నా బస్సులోనే దింపాను. నాకు కడుపు తరుక్కుపోలేదనుకున్నావా? 'ఊళ్ళో పాడు మాత్రలు తిరుగుతున్నాయి, పిల్లలు జాగ్రత్త' అని రాయరా, ఇప్పుడే వదుల్తానన్నాను. విన్నావా? 'డెన్నీ లాహ్తి అమ్మాడు, చెరువు అవతల నీలం ట్రైలర్ ఇంట్లో ఉంటాడు, వాణ్ణి వదలకండి'... మళ్ళీ మళ్ళీ అదే పంపావు. పోలీసులు పట్టుకునేదాకా పేరు పెట్టకూడదన్నది రూలు. ఆపాను. నిన్ను మ్యూట్ చేశాను. నువ్వేమో ఫోను పట్టుకెళ్ళి, గడ్డకట్టిన చెరువు మీద చేపల కోసం తవ్విన కన్నంలో పారేశావు. ఊరంతా నవ్వారు. నేను నవ్వలేదు.

అప్పట్నుంచీ అందరూ నా మీదే పడ్డారు. డెన్నీ నాకేమవుతాడట, వాడి దగ్గర నాకెంత వాటా అట! చర్చిలో నా పక్కన కూర్చునే దిక్కు లేదు. నిన్న నా ముసలి కుక్కని గుమ్మంలోనే కాల్చి చంపారు. విసిగిపోయానురా. మీ స్వేచ్ఛ మీరే ఏలుకోండి అని పొద్దున నీ పోస్టు వదిలేశాను.

అవును, వదిలేశాను! నీకెలా తెలుస్తుందిలే, ఫోను చేపల దగ్గరుంది కదా.

నవ్వకు.

ఆపిన పోస్టు ఎప్పుడు వదిలినా, అప్పుడే రాసినట్టు పైకొచ్చి కూర్చుంటుంది. నువ్వు రాసింది కొడుకుని పూడ్చిన వారంలో. డెన్నీ ఆ తర్వాత రాత్రికి రాత్రి జారుకున్నాడు. ఆ ట్రైలర్ అద్దెకిస్తామని ప్రకటన వస్తే, దాన్ని వదిలింది కూడా నేనే! కుక్కని పాతిపెట్టిన కోపంలో, ఛీ, ఆ సంగతి గుర్తే రాలేదు.

మధ్యాహ్నం చెరువు వైపు పొగ చూశావా? ఎవరో ఆవిరిస్నానానికి సౌనా గది వేడి చేసుకుంటున్నారనుకున్నావు, అంతేనా? నేనూ అలాగే అనుకున్నాను. మా అబ్బాయి ఆర్నీ ఫైరింజను మీద వెళ్ళి అక్కణ్ణించి ఫోన్ చేశాడు. మనవాళ్ళే, డెన్నీ ఇంకా అక్కడే ఉన్నాడనుకుని పికప్ బళ్ళేసుకుని ట్రైలర్ దగ్గరికి వెళ్ళారట. తలుపుకి అడ్డంగా బండి పెట్టి పెట్రోలు పోశారట. లోపల, దాన్ని అద్దెకు తీసుకున్న జోలీన్ ఉంది. చేతుల్తో అద్దం బద్దలుకొట్టుకుని బయటపడింది. ఆర్నీ చెయ్యి పట్టుకుని లేపబోతే చర్మం ఊడి వాడి గ్లవ్‌కి అంటుకుందట.

ఏ జోలీనేంటి? వృద్ధాశ్రమంలో మీ అమ్మకి సూపు పట్టే జోలీన్!

అంబులెన్సులోనే పోయింది.

ఇదిగో నా ఫోను, చదువు. పైకి చదవరా! నీ పేరు, నీ మాటలు, ఒక్క అక్షరం తగ్గలేదు. కింద చూడు, 'శభాష్ రూడీ', 'మగాడంటే నువ్వేరా'. లోపల ఎవరున్నారని ఒక్కడైనా అడిగాడా? ఇంకా వస్తూనే ఉన్నాయి.

ఏంటి గొణుగుతున్నావు? ఏడుపాపి చెప్పు.

తీసెయ్యమంటావా?

అమ్మో, నేను తియ్యనురా బాబూ. నోరు నొక్కేసిందంటారు.