బోరునీళ్లు పోసిన బ్యాటరీ

కాశమ్మ అని, మార్కాపురం పక్కన పలకల గనుల కాడ ఉంటది, మస్తానయ్యకి పెద్దకోడలు. వాళ్లిల్లు ఊళ్లో కాదు, ఊరు దాటినాక పొలంలో. అక్కడ కరెంటు ఉందంటే ఉంది, లేదంటే లేదు. గాలి గట్టిగా కొడితే పోద్ది, మళ్లా ఎప్పుడొచ్చిద్దో లైన్‌మానుకే తెలవదు. మస్తానయ్యేమో ముప్పై ఏళ్లు గనిలో పలకరాయి చీల్చినోడు. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. ఆసుపత్రిలో చూసి, ఇంక ఈ పెద్దాయన ముక్కులో గొట్టం పెట్టుకొని ఆక్సిజన్ మిషను మీద బతకాల్సిందే అన్నారంట. మిషనుకి కరెంటు కావాల గదా. అందుకని కొడుకులిద్దరూ, పెద్దోడు చెన్నకేశవులు, చిన్నోడు రంగస్వామి, ఒకమాట మీద నిలబడి మిద్దె మీద సోలారు ప్లేట్లు ఏయించి రెండు బ్యాటరీలు తెచ్చారు. ఒకటే కంపెనీ, ఒకటే రంగు, ఒకటే ఆటోలో దిగినాయి. పక్కపక్కన పెడితే కవలపిల్లలే అనుకో. ఏది ఏదో పెట్టినోడు కూడా చెప్పలేడు.

ఆ బ్యాటరీలకి నెలకోసారి మూతలు తీసి లోపల నీళ్లు చూడాల. ఆ పని కాశమ్మ నెత్తినేసుకుంది. ఇంకెవర్నీ చెయ్యి పెట్టనిచ్చేది కాదంట. మూతలు తీసేది, గరాటు పెట్టి పోసేది, పైనంతా పాతచీర గుడ్డతో తుడిచేది. ఏమైందంటే, అటు ఎండాకాలంలో ఒకరోజు, ఒకదానికి పోసేసరికే బ్యాటరీ నీళ్ల క్యాను అయిపోయింది. రెండోదాంట్లో చూస్తే నీళ్లు దిగిపోయి లోపలి రేకులు కనపడతన్నాయి. బ్యాటరీలు అమ్మిన కొట్టాయన ఆరోజునే చెప్పాడు, అమ్మా దీనికి కొట్లో అమ్మే నీళ్లు తప్ప ఇంకో చుక్క పొయ్యమాకండి అని. మార్కాపురం పోయి రావాలంటే ఒక పూట. మొగుడు గనికి పోయినాడు. అటుచూస్తే మామ గొట్టం పెట్టుకొని మంచం మీద కూర్చోనున్నాడు. ఈ ఒక్కసారికే కదా అనుకొని చెంబుతో బోరునీళ్లు తెచ్చి పోసింది. మన బోరునీళ్ల సంగతి మీకు నేను చెప్పాలా, నీళ్లు కాచిన గిన్నెలో తెల్లగా గార కట్టుద్ది, పిల్లల పళ్లు పచ్చబడతాయి. ఆ నీళ్లు పోసింది. పోసి మూత బిగించింది. ఎవరికీ చెప్పలా.

ఆ తర్వాత ఆ బ్యాటరీ మారింది. మంచిది తాగినదానికి రెండింతలు తాగేదంట నీళ్లు. ఛార్జి ఎక్కేటప్పుడు చెయ్యి పెడితే జ్వరం వచ్చిన బిడ్డ పొట్టలాగా కాలేది. రెండూ జత చేసున్నాయి గదా, ఇది పడుకుంటే మంచిది కూడా దీంతోపాటు పడుకునేది. ముందు పూటంతా వచ్చే కరెంటు రెండు గంటలకే అయిపోతా ఉంటే, ఇంట్లోవాళ్లు ఏమనుకున్నారంటే, పెద్దాయనకి ఆయాసం ఎక్కువై మిషను ఎక్కువ సేపు తిరగతా ఉంది, అందుకని అనుకున్నారు. మస్తానయ్య కూడా అదే అనుకున్నాడు. నా మూలాన పిల్లలకి ఫాను కూడా లేకుండా పోతా ఉంది అని, ఎవరూ చూడకుండా ఆయనే మిషను ఆపేసుకొని, నోరు తెరుచుకొని, గోడకి ఆనుకొని కూర్చునేవాడంట. ఒకటి రెండుసార్లు కాశమ్మ చూసింది. చూసి మిషను ఏసింది. ఏసింది గానీ, మామా నీ మూలాన కాదు, నా మూలాన అని మాత్రం అనలా. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చేది, మళ్లీ మింగేది. ఎందుకు మింగిందంటే ఏం చెప్తాం. ఇంట్లో ఆమెకున్న గొప్పంతా ఆ బ్యాటరీలే అయిపోయింది. కాశమ్మ చెయ్యి పడితే వస్తువు పదేళ్లు మన్నుద్ది అని చుట్టాల దగ్గర మొగుడు చెప్పుకునేవాడు.

ఇట్టా ఉండగా ఏరుపడే రోజొచ్చింది. కొట్లాడి కాదు. వాగు అవతల రంగస్వామి రెండు గదుల రేకులిల్లు ఏసుకున్నాడు, పిల్లలు పెద్దోళ్లవతన్నారు, మంచిగా ఉన్నప్పుడే ఏరుపడదాం అనుకున్నారు. మా వైపు పద్ధతి మీకు తెలుసుగా, పెద్దోడు పంచాల, చిన్నోడు ముందు ఎంచుకోవాల. పెద్దోడు ఎట్టా పంచినా, ముందు చెయ్యి పెట్టేది చిన్నోడు గనక, పంచేవాడు సమానంగానే పంచుతాడు. గేదెలు చెరొకటి, బిందెలు చెరి సగం, సోలారు ప్లేట్లు చెరి రెండు. బ్యాటరీలు చెరొకటి. కరెంటు పనిచేసే ఖాసీం వచ్చి, ఒక్కోదానికి ఒక్కో చిన్న ఇన్వర్టరు బిగించిస్తా, ఇబ్బందేం లేదన్నాడు. పెద్దాయన సంగతేమో, ఇన్నాళ్లూ ఉన్న ఇల్లే కదా, పెద్దోడి కాడే ఉంటాడులే అని అందరూ అనుకున్నారు.

కాశమ్మ రెండు బ్యాటరీలనీ వాకిట్లో పెట్టించి పొద్దున్నే తుడిచింది. మూతల మీద తెల్లగా పట్టిన పొడంతా గీకి, ఒకదానికొకటి తేడా తెలవకుండా తుడిచింది. తుడుస్తా లోపల ఏమనుకుందంటే, మామ ఉండేది నా దగ్గర, మిషను ఉండేది నా దగ్గర. మంచిది నా దగ్గరుంటే తప్పేముంది? చెడ్డది వాళ్లకి పోతే పోయేది ఒక ఫాను, ఒక లైటు. పోనీ వాళ్లు మంచిదే తీసుకుంటే, అది నా రాత. నేను ఎవరి చేతిలో ఏదీ పెట్టటం లేదు గదా. చూడండి, తప్పు చేసే మనిషి ఎంత ఓపిగ్గా లెక్కేసుకుంటదో.

రంగస్వామి వచ్చి ఒకదాన్ని కొంచెం లేపి చూశాడు, రెండోదాన్ని లేపి చూశాడు. వేలితో కొట్టి చూశాడు, కొబ్బరికాయ కొనేటోడిలాగ. మొగోళ్లంతా నవ్వారు. ఖాసీం మీటరు పెడితే రెండూ ఒకటే అంకె చూపించినాయి, నిండా ఛార్జి ఎక్కున్నాయిగా. నిండుగా ఉన్నప్పుడు ఏ బ్యాటరీ అయినా నిజం చెప్పదన్నా, సాయంత్రం దాకా ఫాన్లు, లైట్లు తగిలించి బరువు పెట్టి చూద్దాం, అప్పుడు ఏది నిలబడుద్దో తెలుస్తది అన్నాడంట ఖాసీం. కాశమ్మ గుడ్డ తీసుకొని తుడిచిన మూతలే మళ్లీ తుడిచింది. అయితే రంగస్వామి, దుర్ముహూర్తం వచ్చేలోపల సామాను వాగు దాటాలయ్యా, సాయంత్రం దాకా యాడ కూర్చోమంటావు, మా వదిన చేతి కింద పెరిగినాయి, ఏదైనా ఒకటే అన్నాడు. అప్పుడు చిన్నకోడలు ఈశ్వరి వచ్చి కాశమ్మ పక్కన కూర్చుంది. చెయ్యి పట్టుకొని నెమ్మదిగా అడిగింది.

“అక్కా, మాకేం తెలుసు. నీళ్లు పోసిందానివి నువ్వు. ఏది తీసుకోమంటావో నువ్వే చెప్పు.”

కాశమ్మ ఆ పిల్ల మొహం చూడలా. బ్యాటరీల వంకే చూసి, “రెండూ ఒక కడుపున పుట్టినయ్యే ఈశ్వరీ. నీకు నచ్చింది తీసుకో” అంది.

ఈశ్వరి తనకి దగ్గర్లో ఉన్నదాని మీద చెయ్యి పెట్టింది. అదే, బోరునీళ్లు తాగినది. దాన్ని ట్రాలీలోకి ఎక్కించారు. అంతా అయిపోయిందనుకుంటే మంచం మీద నుంచి మస్తానయ్య చెయ్యెత్తాడంట. ఆయనకి ఒక మాట చెప్పాలంటే నాలుగుసార్లు ఊపిరి తీసుకోవాల. నేనూ పంపకంలో ఉండొద్దా ఏందిరా అన్నాడు. ఇన్నాళ్లూ పెద్దకోడలు చేసింది, దాని చేతులు అరిగిపోయినాయి. ఆర్నెల్లు వాడి దగ్గర, ఆర్నెల్లు వీడి దగ్గర ఉంటా. అన్నీ చిన్నోడే ముందు తీసుకున్నాడు గదా, నన్ను కూడా వాడే ముందు తీసుకోనీ అన్నాడు. అందరూ కళ్లు తుడుచుకున్నారు. ఈశ్వరి పోయి మామ దుప్పటి మడతపెట్టింది. కాశమ్మ ఒక్కతే కదలలా. అప్పుడు నోరు తెరిచి ఒక్క మాట అంటే సరిపోయేది. ఆగండి, ఆ బ్యాటరీ దించండి అంటే ఎందుకు అంటారు. ఎందుకో చెప్పాలంటే, ఇప్పుడే తోడికోడలికి చెప్పిన అబద్ధం చెప్పాల, దాని వెనక చెంబునీళ్ల సంగతి చెప్పాల, దాని వెనక మిషను ఆపేసుకొని కూర్చున్న ముసలాయన్ని చూసి కూడా ఊరుకున్న సంగతి చెప్పాల. ఒకదాని వెనక ఒకటి, అన్నీ పట్టుకు లాగుతాయి. మామని, మిషనుని, ఆ బ్యాటరీని ఎక్కించుకొని ట్రాలీ కదిలిపోయింది.

ఆరోజు నుంచి కాశమ్మ ఇంట్లో బ్యాటరీ మీద ఒక్క లైటు ఎయ్యనిచ్చేది కాదంట. కరెంటు పోతే చీకట్లోనే వడ్డించేది. మొగుడు చెమటలు తుడుచుకుంటా, ఏమే, బ్యాటరీని పూజలో పెడతావా అని ఎగతాళి చేసేవాడు. ఈమేమో పొద్దున, సాయంత్రం పోయి చూసుకునేది, నిండా ఉందా లేదా అని. రోజుకోసారి వంక పెట్టుకొని వాగు దాటిపోయి, మామ ఎట్టా ఉన్నాడు ఈశ్వరీ అని అడిగొచ్చేది. వానలు లేని రోజులు, కరెంటు కూడా ఉంటా ఉంది, అంతా బాగానే జరిగింది. రెండు నెలలు గడిచేసరికి, ఇంక ఏం కాదులే అనుకోవటం కూడా మొదలుపెట్టింది.

కార్తీకంలో తుఫాను పట్టుకుంది. రెండోరోజు తెల్లారుజామున స్తంభాలు పడిపోయినాయి. మబ్బు దిగి ప్లేట్లకి ఎండ లేదు. ఆ పొద్దున పదిగంటల వేళ కాశమ్మ లేచి మొగుడి దగ్గరకొచ్చి, మన బ్యాటరీ చిన్నోళ్లింటికి మొయ్యాల, లే అంది. ఆయన, వాళ్లకీ ఉందిగా, ఈ వానలో ఏందే అన్నాడు.

“వాళ్లది ఆగదు. గంట కూడా ఆగదు.”

“నీకెట్టా తెలుసు?”

“నాకే తెలుసు. చెడగొట్టింది నేను.”

చెన్నకేశవులు ఆమెని ఒకసారి చూసి లేచాడంట. బ్యాటరీకి ప్లాస్టిక్ పట్ట చుట్టి, మోకుతో కట్టి, బొంగు దూర్చి, ముందు ఆయన, వెనక ఈమె భుజానికెత్తుకున్నారు. మనిషంత బరువు. వాగు మోకాళ్లు దాటి పారతా ఉంది. మధ్యలో ఆమె కాలు జారి ఒక మోకాలు రాయికి కొట్టుకుంది, బొంగు మాత్రం భుజం మీంచి దించలా.

పోయేసరికి మిషను ఆగిపోయుంది. తెల్లారి నుంచి అరగంట తిరగటం, ఆగటం, తొమ్మిదింటికి పూర్తిగా ఆగింది. రంగస్వామి సిలిండరు కోసం టౌనుకి పోయి రోడ్డు తెగి అటే ఉండిపోయాడు. ఈశ్వరి మంచం ఎక్కి, మామని ముందుకు వంచి కూర్చోబెట్టి, వెనకాల తన వీపు ఆనించి విసనకర్రతో విసరతా ఉంది. పెద్దాయన పెదాలు నేరేడుపండ్లలాగ ఉన్నాయి. కాశమ్మ చెడ్డదాని తీగలు ఊడబీకింది. ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి తగిలించి బిగించింది. మిషను మూలిగి తిరగటం మొదలుపెట్టింది. ఆ నాలుగైదు నిమిషాలు ముగ్గురూ ఆయన మొహమే చూస్తా నిలబడ్డారంట. మెల్లిగా పెదాల్లోకి రంగొచ్చింది. కళ్లు తెరిచి, పెద్దకోడలా, తడిసిపోయావేందే అన్నాడు.

ఆయన నిద్రపోయినాక, వాకిట్లో చూరు కింద, కాశమ్మ ఈశ్వరికి అంతా చెప్పింది. క్యాను అయిపోయిన కాడి నుంచి మొదలుపెట్టి, వాకిట్లో నువ్వు అడిగినప్పుడు నాకు తెలుసు అనేదాకా. ఏదీ దాచుకోలా. తిట్టుద్దని చూసింది. కొట్టినా సరే అనుకుంది. ఈశ్వరి నెమ్మదిగా అంది.

“ఆరోజు చెప్పుంటే ఆ చెడిపోయిందే నేను అడిగి తీసుకునేదాన్ని అక్కా. అప్పుడు మామ నీ దగ్గరే ఉంటాడనుకున్నాం గదా.”

అంతే అంది. లేచి లోపలికి పోయి పొయ్యి రాజేసి, తడిసొచ్చిన ఇద్దరికీ టీ పెట్టింది. కాశమ్మ ఆ గ్లాసు చేతిలో పట్టుకొని చల్లారిపోయేదాకా కూర్చుందంట.

మంచి బ్యాటరీ ఇంక అక్కడే ఉండిపోయింది. మస్తానయ్య మళ్లీ ఎండాకాలం వచ్చేదాకా ఉన్నాడు. తర్వాత గని దుమ్మే తీసుకుపోయింది, దానికి ఎవరేం చేస్తారు. ఈ కథ నాకు కాశమ్మే చెప్పింది, వేరుశనక్కాయలు ఒలుస్తా. మామ పోయిన సంగతి ఒక్క ముక్కలో చెప్పేసి ముందుకు పోయింది గానీ, తోడికోడలు అన్న మాట కాడికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. ఆ పిల్ల నన్ను తిట్టుంటే ఈపాటికి మర్చిపోయేదాన్ని అంది. దానికి మీరైతే ఏమంటారు? ఊ కొట్టింది చాలు గానీ, లేవండి, పొద్దెక్కింది, ఎవరి పని వాళ్లకుంది.