అడిగింది నన్ను కాదు

అలో… అక్కా? ఆ, నేనే, ఆరోగ్యమ్మని. కాన్వెంటు నుంచే…

లేదు, లేదు, ఒళ్లు బాగనే ఉండాది. ఊరికే చేసినాను…

సరే, ఊరికే కాదు. బావ పక్కన ఉండాడా?… యాడికి, తోటకా?… అయితే మేలు. నువ్వొక్కతే విను.

ఈడ ఎవురూ లేరు. మదర్ బెంగుళూరికి పోయింది మీటింగుకి. అగస్టీనా సిస్టరుకి చెవులు వినపడవు. రోజ్‌లిన్ చాపెల్లో ఉండాది… ఆ, ఆ కొత్త సిస్టరే. వచ్చి ఎనిమిది నెలలాయ, ఇంగా కొత్త సిస్టరే…

ఆ, ఆ పిల్ల గురించే.

నవ్వొద్దక్కా… లేదు, ఈ సారి ఆ పిల్ల ఏమీ చేయలేదు. చేసింది నేను.

చెన్నరాయప్ప పోయినాడు. నిన్న సాయంత్రం…

అదే, చాంపియన్ రీఫ్ లైన్లలో, ఆ గని కూలోళ్ల వరస ఇండ్లలో ఉండె చూడు, మంగళవారం, శుక్రవారం నేను పోతానే… ఆ, గురువమ్మ మొగుడు. గనిలో దుమ్ము మింగి మింగి రొమ్ము చెడిపోయినాయన. ఇరవయ్యేడేండ్లు లోపల డ్రిల్లు పట్టినాడు. గని మూయకముందే ఆయప్ప ఊపిరి సగమైపోయింది…

అయ్యో అనొద్దు. ముందు విను.

తొమ్మిదేండ్లక్కా. తొమ్మిదేండ్లు ఆ ఇంటికి పోయినాను. గళ్ల ఉమ్మిన గిన్నె కడిగింది నేను. లేపి కూర్చోబెట్టింది, వీపుకి నూనె రాసింది, గోర్లు తీసింది నేను. గోడ మీద వాళ్ల వెంకటరమణస్వామి పటం, దాని కింద నేను. ఒక్క దినం మన దేవుడి మాట ఎత్తలేదు. సేవ చేసేదానికి పోయినాను, సేవ చేసినాను, అంతే…

ఆ, నీకు తెలుసు. తెలుసని తెలుసు. అయినా చెప్పుకోనీ.

రోజ్‌లిన్‌ని ఆడికి తీసుకుపోయింది కూడా నేనే. ‘దారి చూపించు ఆరోగ్యమ్మ సిస్టర్, పని నేర్పించు’ అనింది మదర్. సరే అని పిల్చుకోని పోయినాను. నేను గిన్నె కడిగి వచ్చేలోపల ఈ పిల్ల చాప మీద కూర్చుని ఉండాది. ‘లోపల ఎట్లుంటాది తాతా, భయం కాదా?’ అని అడగతా ఉండాది…

అంతే అడిగింది. అంత మాటకి ఆయప్ప నోరు తెరిచినాడక్కా. ఎట్ల దిగుతారు, ఎంత ఉబ్బ, బండ పగిలే ముందర ఎట్ల శబ్దం వస్తాది… ఒకటా. నవ్వినాడు కూడా. తొమ్మిదేండ్లలో ఆయప్ప పండ్లు నేను చూసింది ఆ పొద్దే.

నేనెందుకు అడగలేదా?… నాకు తీరిక యాడ? ‘ఏమప్పా, మాత్ర ఏసుకుంటివా’ అనేదాన్ని. ఇంగో ఇంటికి పోవల్ల. ఆడ నుంచి కుట్టు క్లాసుకి రావల్ల. ముందు పదకొండు మంది సిస్టర్లం ఉంటిమి, ఇప్పుడు నలుగురం. పని మటుకు అంతే ఉండాది కదా…

లేదు, సాకు చెప్పడం లేదు. అడగలేదు. అడగల్లని తోచలేదు.

ఇంగ ఆ పొద్దు నుంచి ఎట్లనుకున్నావు. ‘చిన్న సిస్టరు రాలేదా?’ నేను గడప దాటకముందే ఆ మాట. గురువమ్మ అయితే నా మొగం మీదనే చెప్పింది, ‘చిన్న సిస్టరు వస్తే ఈయన రెండు ముద్దలు ఎక్కువ తింటాడు సిస్టరమ్మా’ అని. నేను అప్పుడు ఆయప్ప కాలిగోర్లు తీస్తా ఉండాను…

చెడ్డది కాదు గురువమ్మ. నిజమే చెప్పింది. అందుకే కదా.

ఒకనాడు ఎవరో కమలాపండు ఇచ్చిపోయినారు. ఆయప్ప ఆ వణికే చేతుల్తో ఒలిచి, తొనలు తట్టలో పెట్టి ఆ పిల్ల కోసరం ఉంచినాడు…

నాకా? నాకు కాఫీ ఇస్తారు. ఎప్పుడూ ఇస్తారు. మర్యాదగా.

ఆ లైన్లోనే అనుకుంటివా? గేటు దగ్గరికి ఎవరొచ్చినా ‘చిన్న సిస్టరు ఉండాదా?’ కుట్టు నేర్చుకునే ఆడోళ్లు నా తట్టు చూసి తల ఊపుతారు, ఆ పిల్లతో మాట్లాడతారు. చాపెల్లో ఇరవయ్యేండ్లు పాట ఎత్తింది నేను… ఆ, కాకి గొంతే, నీకేం కొత్తా? ఇప్పుడు ‘రోజ్‌లిన్, నువ్వెత్తమ్మా’ అంటాది మదర్. నేను పుస్తకం చూసుకోని పెదాలు కదిలిస్తాను.

ప్రతి శనివారం ఫాదరుకి పాపసంకీర్తనంలో అదే చెప్తాను. అసూయ. మళ్లీ అసూయ. ఆయన మూడు పరలోక జపాలు చెప్పమంటాడు. చెప్తాను. ఆదివారం పొద్దున ఆ పిల్ల పాట ఎత్తుతాది. మళ్లీ మొదలు.

…

చెప్తా ఉండాను, ఉండు. అసలు మాట అదే.

నిన్న మూడు గంటలకి ఫోను. ఈ ఫోనే. గురువమ్మ తమ్ముడు చిక్కవెంకటప్ప, ఫోను బూత్ నుంచి. ‘సిస్టరమ్మా, బావకి ఎగూపిరి పట్టింది. చిన్న సిస్టరుని అడగతా ఉండాడు, జల్దీ పంపండి’ అన్నాడు.

రోజ్‌లిన్ యాడుండిందా?… పెరట్లో. దుప్పట్లు ఆరేస్తా ఉండింది. ఈ కిటికీలో నుంచి కనపడతా ఉండింది అక్కా. పిలిస్తే పలికేంత దూరం.

పిలవలేదు.

…

లైన్లో ఉండావా?

గొడుగు తీసుకున్నాను, ఆటో చేసుకున్నాను, నేనే పోయినాను. ఎవరికీ చెప్పలేదు.

లోపలికి పోతానే ఆయప్ప నన్ను చూసినాడు. నన్ను చూసి, నా ఎనక చూసినాడు. ‘యాడ?’ అన్నాడు. ఒక్క మాటే. ‘వస్తా ఉండాది’ అన్నాను…

ఆ. అబద్ధమే.

మొదటిసారి తెలియకుండా వచ్చింది నోటికి. అట్ల అనుకోనీ నన్ను. రెండోసారి అట్ల కాదు. చిక్కవెంకటప్ప లేసి, ‘మోపెడ్ ఉండాది సిస్టరమ్మా, పోయి పిల్చుకోనొస్తాను, పది నిమిషాలు’ అన్నాడు. నేనేమన్నాను తెలుసా? ‘వద్దప్పా, బయల్దేరింది, దారిలో ఉంటాది’ అన్నాను. తెలిసే అన్నాను.

ఎందుకా?… తొమ్మిదేండ్లు మోసినాను కదా. ఆ కడపటి గంట నాది అనుకున్నాను. నాకు రావల్సింది అనుకున్నాను.

గంటన్నర ఉండాడక్కా. గంటన్నర తలుపు దిక్కే చూసినాడు. తల నా ఒళ్లో ఉండాది. పెదాలకి నీళ్లు తడపతా ఉండాను. చూపు మటుకు నా భుజం మీద నుంచి పోతా ఉండింది.

ఆ పిల్లకి ఏదో చెప్పల్లని తన్నుకులాడినాడు. నాకు తెలుసు అదేందో. ఎప్పుడో లోపల బండ పగిలి ఈయప్పా, గంగప్ప అని ఇంగో ఆయనా చిక్కుకున్నారంట. ఈయన బయటికొచ్చినాడు. గంగప్ప రాలేదు. ఆ కథ పోయిన వారం సగం చెప్పి, ‘మిగతాది మళ్లీ చెప్తాను తల్లీ, ఎవరికీ చెప్పింది కాదు’ అన్నాడంట. రోజ్‌లిన్ నాతో అనింది. నేను వినీ విననట్ల ఉంటిని.

నోటి దగ్గర చెవి పెట్టినాను. ‘నాకు చెప్పప్పా, నేను ఆ పిల్లకి చెప్తాను’ అన్నాను…

ఏమన్నాడా?

‘నీకు పనుండాదిలే సిస్టరమ్మా’ అన్నాడు.

…

లేదక్కా, కోపంగా కాదు. కోపంగా అనుంటే బాగుండు. నాకెందుకు కష్టం ఇచ్చేదని, నిజంగా, మర్యాదగా అన్నాడు.

అంతే. ఐదుకి పావు తక్కువగా పోయినాడు. గంగప్ప మాట ఆయప్పతోనే పోయింది. ఇంగ ఎవరికీ తెల్దు అది. గురువమ్మ నా చేతులు కండ్లకి అద్దుకునింది. ‘కడాకి మీరే ఉండారు తల్లీ’ అని.

వద్దు. నా పక్క మాట్లాడొద్దు. ‘నీకే హక్కుండాది’ అనొద్దు. ఆ మాట నిన్న ఆటోలో నాకు నేనే చెప్పుకున్నాను.

ఈ పొద్దు మధ్యాన్నం ఆయప్పని మన్ను చేసినారు. ఇద్దరం పోయినాము. అంత మంది ముందర గురువమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకోని, ‘పిలిపిస్తే రాలేదేమి తల్లీ, ఎంత చూసె నీ కోసరం’ అనింది. నేను పక్కనే ఉండాను. రోజ్‌లిన్ నా మొగం చూసింది. ఒక్క చూపు. అర్థమైపాయ ఆ పిల్లకి.

‘జొరమొచ్చి పండుకోనుంటి అవ్వా. లేవలేకపోతి. తప్పైపాయ’ అనింది.

ఆ. నన్ను కాపాడింది…

మంచిదా? అదే కదక్కా నాకు మండతా ఉండేది. నీకు తెలీడం లేదా? తప్పు నాది, మంచితనం మళ్లీ ఆ పిల్లదే. దాన్ని కూడా తీసుకునింది. వచ్చినాక అన్నానికి కూర్చుంటే ఎదురుగా కూర్చుని చారు గిన్నె నా తట్టు జరిపింది. ‘ఉప్పు సాలునా సిస్టర్’ అనింది. ఒక్క మాట తిట్టరాదా నన్ను? గిన్నె ఎత్తి కొట్టరాదా?

మదర్ రాంగానే మార్చమని అడగతాను. మాలూరో, యాడనో. ఈ ఊరు వద్దు నాకు…

ఏమంటివి?

…

నన్ను కాదు, ఆ పిల్లని మార్చమని అడగతాననుకుంటివా?

అనుకున్నాను. ముందు అదే అనుకున్నాను. చారు గిన్నె జరిపినప్పుడు. ‘చిన్నది, ఇంగా పెద్ద ఆస్పత్రిలో పని నేర్చుకుంటే మేలు మదర్’ అని ఎట్ల చెప్పల్లో కూడా కుదుర్చుకున్నాను. నీకెట్ల తెలిసె?…

ఉండు. గేటు తీసినారెవరో… చిక్కవెంకటప్ప. చేతిలో చెంబుండాది. పెట్టొద్దక్కా, అట్లనే ఉండు.

— రాప్పా. కూర్చో… ఏమిది? మిరియాల కషాయమా. ఈ పొద్దు మీ ఇంట్లో పొయ్యి ముట్టించకూడదే… ఆ, పక్కింట్లో కాయించి పంపిందా గురువమ్మ. చిన్న సిస్టరుకి జొరమని…

…

చిక్కవెంకటప్పా. ఆ యమ్మకి జొరం లేదు. నిన్న కూడా లేదు.

కాదప్పా, ఆ యమ్మని తప్పు పట్టొద్దు. నా కోసరం చెప్పింది. నువ్వు ఫోన్ చేస్తే ఎత్తింది నేను. ఆ యమ్మకి చెప్పలేదు…

మర్చిపోయి కాదు. ఎదురుగానే ఉండింది. పిలవలేదు. నువ్వు మోపెడ్ మీద పోతానంటే, బయల్దేరిందని అబద్ధం చెప్పి వద్దన్నది కూడా అందుకే.

ఎందుకంటే… ఆయప్ప నన్ను అడగలేదని. అంతేప్పా. ఇంగేమీ లేదు.

మీ అక్కకి చెప్పు. నేను రేపొచ్చి చెప్తాను, అయినా నువ్వు ముందు చెప్పు. మీ అక్క నా చేతులు కండ్లకి అద్దుకునింది. అట్లనే ఉండనీయకూడదు.

సరే… సరేప్పా. పోయిరా.

…

అక్కా. విన్నావా?

‘అట్లనా సిస్టరమ్మా’ అన్నాడు. అంతసేపూ నేల చూసినాడు. చెంబు బల్ల మీద పెట్టి, ‘తెచ్చింది తెచ్చినాను, ఎవరైనా తాగండి’ అని ఎల్లిపోయినాడు. ఎప్పుడూ దండం పెట్టి పోతాడు. ఈ పొద్దు పెట్టలేదు.

నిమ్మళమా? లేదు.

రేపు శుక్రవారం. నేను ఆ ఇంటికి పోయే దినమే. పోతాను… తలుపు తీయకపోతే బయట నుంచే చెప్తాను. లైను ఇల్లు, రేకు తలుపు, వినపడకుండా యాడికి పోతాది.

ఒకటి చెప్తాను, తిట్టొద్దు. చిక్కవెంకటప్ప ‘చిన్న సిస్టరుకి’ అని ఆ చెంబు చాపినాడు చూడు, అప్పుడు కూడా లోపల మండింది. తప్పు ఒప్పుకునే నోట్లోనే మండింది. చెప్పేస్తే పోతాదనుకున్నాను. పోలేదక్కా…

ఆ. నాకు అట్లనే తోస్తాది. దాన్ని పెట్టుకోనే బతకల్లేమో. పెట్టుకోనే ఆ పిల్లని పిలవల్లేమో, ఎవరైనా అడిగినప్పుడు.

మార్చమనేదా?… అడగనులే. నన్నూ వద్దు, ఆ పిల్లనీ వద్దు.

…

ఉండు. రోజ్‌లిన్.

చాపెల్ తలుపు దగ్గర. ఎంతసేపటి నుంచో ఏమో. అంతా వినుంటాది…

ఏడవడం లేదు. కోపంగా చూస్తా ఉండాది అక్కా. ఎనిమిది నెలల్లో ఈ మొగం నేను చూడలేదు. ఏమో అడగతా ఉండాది, ఉండు…

ఏమ్మా?

…

ఆయప్ప ఎట్ల పోయినాడని అడగతా ఉండాది. గంటన్నర ఏం చేసినాడని.

చెప్పల్ల. ఉన్నదున్నట్ల, ఆ పిల్ల మొగం చూసి చెప్పల్ల. పెట్టేస్తానక్కా… ఆ, రేపు చేస్తాను. పెట్టేస్తా.

— తలుపు దిక్కే చూసినాడు రోజ్‌లిన్. నీ కోసరమే… ఆ. గంటన్నర సేపూ.