కరెంటు బాబాయి ఫైల్లోని మెమో

సభకు అధ్యక్షత వహిస్తున్న డైరెక్టరుగారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరసలో కూర్చున్న పిన్నిగారికి, కుర్చీలు చాలక గోడవారన నిలబడ్డ మిత్రులకు, ఈ రోజుతో ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగం ముగించుకుంటున్న మన ఎలక్ట్రీషియన్‌గారికి (అలా పిలిస్తే ఆయన వెనక్కి తిరిగి కూడా చూడరు కనుక, మన కరెంటు బాబాయికి) నా నమస్కారాలు.

నన్ను అయిదు నిమిషాలు మాట్లాడమన్నారు. తొమ్మిది అంశాలు రాసుకొచ్చాను. (నవ్వులు) నవ్వండి, ఫరవాలేదు. ఈ ఆఫీసులో టైపిస్టుగా చేరి, అర్థం కాని పుస్తకాలను అర్థమయ్యేదాకా చదివి, ఎవరూ నేర్పకుండానే డేటాబేసు పని నేర్చుకున్నవాణ్ణి. డిగ్రీ లేనివాడికి జాబితాయే పట్టా. తనతో పోట్లాటకు కూడా నేను కాగితం తెచ్చుకుంటానని మా ఆవిడ ఊరంతా చెబుతుంది. అది అబద్ధం. తెచ్చుకున్నది ఒక్కసారే. (నవ్వులు)

ఆ తొమ్మిదిలో ఎనిమిది బాబాయి మంచితనం గురించినవి. వాటిని నా ముందు మాట్లాడినవారు నాకంటే బాగా చెప్పారు. కనుక తొమ్మిదోది ఒక్కటే చెబుతాను. అది చెప్పకుండా మాత్రం ఇక్కణ్ణుంచి దిగను.

మూడున్నర నెలల కిందట, ఒక గురువారం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు ఈ వీధి మొత్తానికీ కరెంటు పోయింది. అతిథుల కోసం ఒక్క మాట. ఆసుపత్రుల్లో వాడే సాఫ్ట్‌వేర్‌కు సహాయ పేజీలు రాయడం మన పని. రోగికి ఇవ్వాల్సిన మందు నమోదు చేస్తూ ఒక నర్సు ఎక్కడో తడబడి సహాయం బటన్ నొక్కితే తెర మీద కనిపించే ఆ నాలుగు వాక్యాలు ఈ గదుల్లో కూర్చుని ఇరవై ఆరుగురు రాస్తారు. అలాంటివి నలభై వేల పైచిలుకు పేజీలు, పదకొండేళ్ల కష్టం, ఒకే డేటాబేసులో ఉన్నాయి. ఆ తర్వాతి సోమవారమే సాఫ్ట్‌వేర్ కొత్త విడుదల. కరెంటు పోతే సర్వరును పది నిమిషాలు నిలబెట్టాల్సిన బ్యాటరీలు ఆ రోజు పదకొండు సెకన్లు నిలబడ్డాయి. నలభై నిమిషాలకు కరెంటు తిరిగొచ్చింది. డేటాబేసు రాలేదు.

నేను చేసిన మొదటి పని, చేయకూడని పని. మరమ్మతు ఆజ్ఞ టైపు చేశాను. దెబ్బతిన్న పేజీలను తీసివేయాల్సి రావచ్చు, సరేనా అని తెర అడిగింది. వేలు మీట మీద ఉంది. నా వెనక టార్చిలైటుతో నిలబడ్డ బాబాయి, ఏమంటోందిరా అది అని అడిగితే చదివి చెప్పాను. ఆయన గొంతు పెంచలేదు.

"మోటారు విప్పేముందు ఏ తీగ ఎక్కడిదో గుర్తులు పెట్టుకుంటాం. నువ్వు పెట్టుకున్నావా?"

లేదన్నాను.

"అయితే చెయ్యి తియ్యి."

తీశాను. ముందుగా పాడైనదాన్ని పాడైనట్టే వేరే డిస్కులోకి నకలు తీశాను. ప్రతి మార్పునూ వరసగా రాసుకునే చిట్టా ఒకటి డేటాబేసులో ఉంటుంది. అది క్షేమంగా ఉంది. దాన్నీ పక్కన పెట్టాను. అంతకుముందు ఆదివారం తీసిన పూర్తి నకలును కొత్త డిస్కు మీద నిలబెట్టి, దాని మీద సోమవారం నుంచి గురువారం దాకా జరిగిన మార్పులన్నీ చిట్టా చెప్పిన వరసలోనే మళ్లీ జరిపించాను. మీట నొక్కి ఉంటే ఆ చిట్టా తెగిపోయేది, నాలుగు రోజుల పని గాలికి పోయేది. శనివారం సాయంత్రానికి రెండు గంటల తొమ్మిది నిమిషాల దాకా ఉన్నదంతా తిరిగొచ్చింది. చివరి నిమిషంలో పోయిన పదిహేడు పేజీలను మన రచయిత్రులు, నన్ను తిట్టుకుంటూనే, ఆదివారం కూర్చుని మళ్లీ రాశారు. ఆ మూడు రోజులూ వీధి కరెంటును నమ్మక, సర్వరును జనరేటరు మీదే నడుపుతూ బాబాయి దాని పక్కన కుర్చీ వేసుక్కూర్చున్నారు. భోజనం పిన్నిగారే తెచ్చి, ఇంటాయన్ని జనరేటరుకే ఇచ్చి పెళ్లి చేయాల్సిందని అన్నట్టు విన్నాను. (నవ్వులు, చప్పట్లు)

దయచేసి చప్పట్లు ఆపండి. అసలు సంగతి ఇంకా చెప్పలేదు.

తర్వాత విచారణ జరిగింది. నాకు ప్రశంసాపత్రం వచ్చింది. బ్యాటరీల నిర్వహణలో అశ్రద్ధ చూపారంటూ బాబాయికి మెమో వచ్చింది. ఆధారం ఏమిటి? సర్వరు గది తలుపు మీద నేను అంటించిన నా జాబితా. అందులో పద్నాలుగో అంశం: నెలకోసారి సర్వరు ఆపి బ్యాటరీలను పరీక్షించడం. కరెంటు పోవడానికి ముందు నాలుగు నెలలూ ఆ గడిలో నా టిక్కు ఉంది. పరీక్షలో బాగున్న బ్యాటరీలు తర్వాత చచ్చిపోయాయంటే చూసుకోవాల్సినవాడు చూసుకోలేదన్నమాటే కదా అని విచారణాధికారి తేల్చారు. ఆయన తర్కంలో తప్పు లేదు.

తప్పు ఆ టిక్కులో ఉంది. ఆ నాలుగు నెలలూ, మొదటి శనివారం పది గంటలకు, బాబాయి మీటరు పట్టుకుని నా తలుపు దగ్గరికి వచ్చారు. నాలుగుసార్లూ, ఈ వారం పని ఒత్తిడి ఉంది బాబాయ్, వచ్చే నెల చూద్దామని నేనే పంపేశాను. ఆయన అటు వెళ్లగానే టిక్కు పెట్టాను. ఎవరినో మోసం చేద్దామని కాదు. ఖాళీ గడి ఉంటే నాకు అన్నం సహించదు, అంతే. కాని ఆ అలవాటే ఇంకొకరి మెడకు చుట్టుకుంది.

బాబాయి నన్ను కూర్చోమని సైగ చేస్తున్నారు. కూర్చోను బాబాయ్. మీ మాట విని మూడు నెలలు కూర్చున్నాను.

మెమో వచ్చిన రోజు ఆయన దగ్గరికి పరుగెత్తాను, నిజం చెప్పేస్తానని. ఆయన స్క్రూడ్రైవరు తుడుచుకుంటూ అన్న మాటలు ఇవి:

"ఒరేయ్, నీకు పట్టా లేదు. ఇక్కణ్ణుంచి పంపిస్తే ఎవడు పిలిచి ఉద్యోగమిస్తాడు? నాకు మూణ్ణెల్లే ఉంది. ఎవరి మీద పడితే తక్కువ నొప్పో లెక్క చూసుకో. నోరు మూసుకుని పని చేసుకో."

నేను లెక్క చూసుకున్నాను. నోరు మూసుకున్నాను. ఆ మాట పిన్నిగారి ముందు ఒప్పుకోవడమే ఈ రోజు నాకు అన్నిటికంటే కష్టం. ముప్పై ఒక్క ఏళ్లలో ఈయన ఫైల్లో ఉన్న ఒకే ఒక్క మచ్చ నా చేతి రాత.

అధ్యక్షా, నేను రాసిన వాంగ్మూలం మీ ముందున్న నీలం కవరులో ఉంది. తేదీలు, గంటలు అన్నీ ఉన్నాయి. మెమో నాకివ్వండి, ప్రశంసాపత్రం వెనక్కి తీసుకోండి, ఉద్యోగం విషయం మీ ఇష్టం. తర్వాత చూద్దామని అంటున్నారు. క్షమించాలి, బాబాయికి తర్వాత లేదు. సాయంత్రం అయిదింటికి ఈయన ఫైలు కట్టి లోపల పెట్టేస్తారు. ఫైలు కోసం ఎవరూ లేవక్కర్లేదు. రికార్డులు చూసే అక్కయ్యగారి ఒళ్లో ఉంది. పొద్దున్నే అడిగి పెట్టుకున్నాను. (నవ్వులు) అక్కయ్యా, ఇవ్వండి.

(ఫైలు వేదిక మీదికి చేరింది)

అధ్యక్షులవారు చదువుతున్నారు. నాకు తొందరేమీ లేదు.

రాశారు. మెమో రద్దు అని రాశారు. సంతకం కూడా పెట్టారు. (చప్పట్లు) చాలా కృతజ్ఞుణ్ణి అయ్యా. నా సంగతి సోమవారం మాట్లాడదామంటున్నారు. పది గంటలకు మీ గది బయట ఉంటాను.

ఓపిగ్గా విన్న మీ అందరికీ ధన్యవాదాలు. పిన్నిగారూ, వీలైతే నన్ను క్షమించండి. బాబాయ్, లేచి రండి, మైకు మీది. మీరు తిట్టినా నిలబడి వింటాను. ఇక నాకు సెలవిప్పించండి.

అయ్యా, ఒక్క చిన్న మనవి. సంతకం కింద తేదీ వేయలేదు.