వాల్వు మీద చెయ్యి: వెర్నా కోస్ట్యుక్ గారి ముప్ఫై మూడేళ్ళు

1991 సెప్టెంబరు 3వ తేదీ, మంగళవారం ఉదయం శ్రీమతి వెర్నా కోస్ట్యుక్ గారు హార్లన్ క్రీక్ కళాశాల పశువైద్య సాంకేతిక విభాగంలో శిక్షకురాలిగా చేరారు. ఇంట్లో నలభై ఆవుల పాలు పితికి, ఆ రబ్బరు బూట్లతోనే తరగతికి వచ్చారని ఆనాటివారు చెబుతారు. అప్పట్లో విభాగమంటే ధాన్యపు కొట్టు వెనక ఒక రేకుల షెడ్డు, మత్తు ఇచ్చే ఒక పాత యంత్రం, ఎనిమిదిమంది విద్యార్థులు. ఆ షెడ్డుతో మొదలుపెట్టి ఆరువందల మందికి పైగా టెక్నీషియన్లను కెనడాలోని మా సస్కాచవాన్ రాష్ట్రం నలుమూలలకూ పంపిన ఘనత వారిది. ఆమె పదవీ విరమణ సందర్భంగా వెలువడే ఈ సంచికకు ఆహ్లాదకరంగా రాయమని యాజమాన్యం నన్ను కోరింది. మర్యాదగా రాయగలను, ఆహ్లాదానికి మాత్రం హామీ ఇవ్వలేను.

1998లో వెర్నా గారు ప్రధాన శిక్షకురాలయ్యారు. విభాగాధిపతి కుర్చీ రెండుసార్లు ఎదురు వస్తే, ఆ కుర్చీలో కూర్చుంటే పిల్లి ముఖం చూసే తీరిక ఉండదని రెండుసార్లూ తిరస్కరించారు. 2002లో శస్త్రచికిత్స నేర్పే డాక్టరుగా నేను చేరినప్పటి నుంచి ఆమె పక్కనే నిలబడ్డాను. బెదిరిన పిల్లిని నొప్పి కలగకుండా పట్టుకోవడం, ఒంట్లో నీరు ఇంకిపోయిన దూడకు నరం వెతికి సూది వేయడం, మత్తులో ఉన్న జంతువు ఊపిరిని తెర మీద అంకెల్లో కాక దాని ఛాతీ మీద చూడడం వారు నేర్పిన విద్య. వాటన్నిటికంటే ముందు నేర్పినది ఒక నియమం. మత్తులో ఉన్న జంతువుకు యంత్రానికున్న గాలి సంచి నొక్కి ఊపిరి అందించేటప్పుడు, వాయువు బయటికి పోయే వాల్వును కొన్ని క్షణాలు మూస్తాం. తిరిగి తెరవడం మరిచిపోతే నిమిషాల్లో ఊపిరితిత్తులు పగిలి ప్రాణం పోతుంది. అందుకని వాల్వు మూసిన చెయ్యి, దాన్ని తెరిచేదాకా అక్కడినుంచి కదలకూడదు.

2007లో మంత్రిగారు కొత్త ప్రయోగశాలను ప్రారంభించడానికి వచ్చినప్పుడు, వెర్నా గారు పళ్ళు శుభ్రం చేయించుకుంటున్న ఒక ముసలి పిల్లికి ఊపిరి అందిస్తున్నారు. మంత్రిగారు నవ్వుతూ చెయ్యి చాచారు.

"కాస్త ఉండండి సార్, ఈ చెయ్యి ఖాళీ లేదు," అన్నారు ఆమె తలెత్తకుండా.

"మరి ఆ రెండోది?" అని మంత్రిగారు అడిగారు.

"అది అసలే ఖాళీ లేదు."

చాచిన చెయ్యి అలాగే గాలిలో ఉన్న ఆ ఫోటో ఇప్పటికీ వరండాలో ఉంది. దాన్ని చూసి నవ్వే యాజమాన్యమే ఇప్పుడు ఆమె పాఠాన్ని ఎత్తేస్తోంది. వచ్చే శుక్రవారం, జూన్ 21న, పాలకమండలి ఒక తీర్మానం మీద ఓటు వేయబోతోంది. దాని ప్రకారం జంతువుల మధ్య జరిగే పదహారు వారాల శిక్షణ నాలుగు వారాలకు కుదించుకుపోతుంది, మిగిలినదంతా కంప్యూటరు తెర మీద, బొమ్మ జంతువుల మీద. వెర్నా గారి స్థానంలో ఎవరినీ నియమించరు. బొమ్మ కుక్క కరవదు, వణకదు, చావదు. దాని మీద నేర్చుకున్న పిల్లల చేతికి రేపు మీ కుక్కను అప్పగిస్తారు. ఇదంతా ఎందుకంటే, 2016లో వెర్నా గారి పర్యవేక్షణ లోపం వల్ల ఒక కుక్క చనిపోయిందట. ఆమె సేవాపుస్తకంలో అలాగే రాసి ఉంది. ఆ వాక్యం చదివిన ప్రతిసారీ నా ఒళ్ళు మండిపోతుంది, ఎందుకంటే అది అబద్ధమని నాకు తెలుసు.

ఆ మార్చిలో శస్త్రచికిత్స చేసింది నేను. టెస్సా పెల్టియర్ అనే రెండో సంవత్సరం విద్యార్థిని వాల్వు మూసి, కుక్కకు ఊపిరి అందిస్తోంది. వెర్నా గారు పక్క బల్ల దగ్గర ఉన్నారు. నేను తొందరలో ఉన్నాను. "ఆ బిగింపు పట్టకారు అందుకో, నిన్నే, త్వరగా," అని అరిచాను. పందొమ్మిదేళ్ళ పిల్ల డాక్టరు అరిస్తే చెయ్యి తీయక ఏం చేస్తుంది? వెర్నా గారు పరుగున వచ్చి వాల్వు తెరిచేసరికి ఆలస్యమైపోయింది.

విచారణలో టెస్సాను కళాశాల నుంచి పంపించేయాలని డీన్ హాల్వర్సన్ గారు అన్నారు.

"ఆ పిల్ల చెయ్యి తియ్యలేదు, తీయించారు," అన్నారు వెర్నా గారు. "తీయించింది ఎవరో ఈ డాక్టరు గారినే అడగండి."

నాకు గుర్తులేదని చెప్పాను. నిక్షేపంగా గుర్తుంది. ఆమె ఒక్క క్షణం నా వైపు చూసి, "అయితే తప్పు నాదని రాసుకోండి, పిల్లని వదిలేయండి," అన్నారు. వాళ్ళు సంతోషంగా రాసుకుని చేతులు దులుపుకున్నారు. వాళ్ళ మీద నాకున్న కోపం ఎంతో, నా మీద నాకున్నది అంతకు రెట్టింపు.

పోయిన మంగళవారం కాఫీ గదిలో ఇదంతా పాలకమండలికి రాసి ఇస్తానని వెర్నా గారితో చెప్పాను.

"టెస్సాకి చెప్పావా?"

"లేదు."

"మరి నాకెందుకు చెబుతున్నావు, లెనోర్? నేనక్కడే ఉన్నాగా," అని కప్పు కడుక్కుని వెళ్ళిపోయారు.

మరునాడు రెండు గంటలు కారు నడుపుకుంటూ టెస్సా పనిచేసే పశువుల ఆసుపత్రికి వెళ్ళాను. ఇప్పుడామె అక్కడ ముఖ్య టెక్నీషియన్. ఒక దూడకు సెలైన్ ఎక్కిస్తూ, నేను చెప్పిందంతా విన్నది.

"నాకు తెలుసు మేడమ్," అంది. "మీరు అరిచిందీ తెలుసు, గుర్తులేదన్నదీ తెలుసు. చెప్పినా నా మాట ఎవరు నమ్ముతారని ఊరుకున్నా. ఈసారి కాగితం ఇచ్చి ఇంటికెళ్ళిపోకండి. మీటింగులో లేచి నిలబడి మీ నోటితో చెప్పండి. నేనూ వస్తా."

చెబుతాను. ఉత్తరం నిన్ననే ఇచ్చాను. శుక్రవారం ఆ అబద్ధాన్ని కొట్టివేయించి, అక్కడ నా పేరు రాయించాకే తీర్మానం మీద మాట్లాడతాను. వెర్నా గారి కుటుంబ సభ్యులు ఈ సంగతి ఇలా అచ్చులో చదవవలసి వచ్చినందుకు సిగ్గుపడుతున్నాను.

శ్రీమతి వెర్నా కోస్ట్యుక్ గారికి చక్కని ఆరోగ్యం, మోకాళ్ళ నొప్పులు లేని నడక, మనవలతో సుదీర్ఘమైన ఆయుష్షు కలగాలని మనసారా కోరుకుంటున్నాను. సన్మాన వేదిక మీద మాత్రం, నన్ను క్షమించమని దయచేసి ఎవరూ ఆమెను అడగవద్దు.