తెగిన పోగులు

ధర్మవరంలో ఒక ఇంట్లో కొడుకు మగ్గం గుంతలో కూర్చుని చీర నేస్తున్నాడు. కీమో చేయించుకుని వచ్చిన తల్లి పక్కనే మంచం మీద నుంచి లేవబోయింది.

"యాడికి మా?"

"నీళ్లు తాగేకి."

"నేను తెస్తా, కూర్చో. నువ్వు కాలు కింద పెడితే ధర్మవరమే కూలిపోతాదని నాయన చెప్పినాడు."

"చెంబు ఎత్తనీరు, మగ్గం ముట్టనీరు. జబ్బు రొమ్ముకొస్తే, చేతులు కూడా పడిపోయినట్టు ఈ మంచానికి కట్టేసినారు."

"అయ్యో, పోగులు తెగినాయి మా. నన్ను చూసి భయపడినట్టుండాయి."

"అట్లనా ముడేసేది? చీరంతా గడ్డలే! జరుగు. తిమ్మిరెక్కిన ఈ వేళ్లే నీకంటే మేలు."

"నాయన చూస్తే?"

"మళ్లీ మంచమెక్కిస్తాడు. యాడికి పోయినాడు?"

"కొత్తచెరువుకి. సాయంత్రం దాకా రాడు. అందుకే నేనే ఇన్ని పోగులు తెంపినా."